తొమ్మిదితో మొదలయ్యే ప్యాకెట్లు

"బషీరా, మీ మాస్టారు రెండ్రోజుల్నుంచి సరిగ్గా అన్నం ముట్టలేదు. ఇవాళ నాలుగింటికి ఆయన్ని పోలీసులకి అప్పజెప్తారంట. నువ్వు డిటెక్టివ్వో గాడిదగుడ్డో నాకు తెలవదు. ఉన్నపళాన సంఘం ఆఫీసుకి పో."

ఇన్నయ్య మాస్టారి భార్య కరుణమ్మ గారు నాకు ఇంకో మాటకి చోటివ్వకుండా ఫోన్ పెట్టేశారు. నరసరావుపేటలో నాకో డిటెక్టివ్ ఏజెన్సీ ఉంది. దానికి 'బషీరున్నీసా డిటెక్టివ్ సర్వీసెస్' అని బోర్డు కూడా ఉంది. వచ్చేవి చాలావరకు పెళ్లి సంబంధాల ఆరాలే. ఆ బోర్డు చూసి నవ్వని మనిషి ఊళ్లో ఒక్క ఇన్నయ్య మాస్టారే. ప్రారంభోత్సవం నాడు వచ్చి, "లెక్కలో తప్పు ఎక్కడుందో పట్టేదానివి, మనుషుల్లో పట్టలేవా?" అని ఆశీర్వదించి వెళ్లారు. అలాంటి మనిషిని దొంగ అంటున్నారంటే నాకు ఒళ్లు మండిపోయింది. హెల్మెట్ వెనక్కి తిరిగి ఉందని కూడా చూసుకోకుండా బయల్దేరాను.

మాస్టారు కాలేజీలో ముప్ఫై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత ఊరికే కూర్చోవడం చేతగాక పల్నాటి మిరప విత్తన సంఘంలో జీతం లేని కొలువు పెట్టుకున్నారు. బజారు నిండా నకిలీ విత్తనాలు తిరుగుతున్న రోజుల్లో, సంఘం ప్యాకెట్ మీద నాలుగంకెల నంబరూ, దాని పక్కన ఒక తెలుగు అక్షరమూ ముద్ర వేయించారు. ఆ నంబరుకి ఆ అక్షరమే రావాలి. రైతుకి అనుమానం వస్తే మాస్టారికి ఫోన్ చేసి నంబరు చదువుతాడు. మాస్టారు అక్షరం చెబుతారు. ప్యాకెట్ మీదా అదే ఉంటే నిశ్చింతగా నారు పోసుకోవచ్చు. ఈపూరు నుంచి ఎడ్లపాడు దాకా ఆయన పేరు అక్షరాల మాస్టారు.

ఈ ఏడాది బెల్లంకొండలో సంఘం ప్యాకెట్లు చల్లిన మడుల్లో మొలకే రాలేదు. లోపలున్నది బజారు సరుకని తేలింది. చల్లే ముందు ఒక్క రైతూ మాస్టారికి ఫోన్ చేయలేదు. సంఘం మనుషులే గడపలోకి తెచ్చి చేతిలో పెట్టిన ప్యాకెట్‌ని అనుమానిస్తే బాగుండదని మొహమాటపడ్డారట. మన దగ్గర మొహమాటం చేసినంత నష్టం చీడ కూడా చేయదు.

నేను వెళ్లేసరికి హాల్లో బల్ల మీద ఏడు ఖాళీ ప్యాకెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. బల్లకి అటువైపు మాస్టారు. ఇటువైపు లాప్‌టాప్ తెరుచుకుని శ్రీకర్. గుంటూరులోని దర్పణం ఏజెన్సీ డిటెక్టివ్ ఆయన. డైరెక్టర్లు పనిగట్టుకుని పిలిపించారు. గుమ్మం దగ్గర సంఘం సెక్రటరీ గోపీచంద్ ఏడ్చి ఉబ్బిన కళ్లతో నిలబడి ఉన్నాడు.

"అక్కా, నువ్వన్నా చెప్పు. మాస్టారు ముద్ద ముట్టట్లేదు," అన్నాడు. "ఇంటికి పోయి అమ్మగారి చేత క్యారేజీ కట్టించుకొస్తా." సమాధానం కోసం ఆగకుండా బండెక్కి వెళ్లాడు.

శ్రీకర్ తలెత్తాడు. "బషీరున్నీసా గారా! ఇక్కడ ఎవరిదండీ పెళ్లి సంబంధం?"

"మీకేమన్నా చూస్తున్నారా? వివరాలియ్యండి, ఆరా తీసి పెడతా."

ఆయన నవ్వి లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. మనిషి పొగరుబోతే కానీ మాట సూటిగా ఉంటుంది. "చూడండి. నంబరు నుంచి అక్షరం రాబట్టే లెక్క ఒకటుంది. అది ఒక్క ఇన్నయ్య గారికే తెలుసని డైరెక్టర్లందరూ చెప్పారు. ఆయనా ఒప్పుకున్నారు. ఈ ఏడు నకిలీ ప్యాకెట్లనీ నేను లెక్క వేసి చూశా. ఏడింటికి ఏడూ కరెక్ట్. అక్షరాలు మొత్తం పదకొండు. నోటికొచ్చింది వేస్తే ఏ ఒకటో అరో కుదురుతుంది. అన్నీ కుదిరాయంటే లెక్క తెలిసిన చెయ్యే వేసింది. నాలుగింటికి రిపోర్టు స్టేషన్లో ఇస్తున్నా."

వాదనలో లొసుగు కనపడలేదు. అందుకే నాకు భయం వేసింది. ఏదో ఒకటి చేయాలి కాబట్టి ప్యాకెట్లు చేతిలోకి తీసుకున్నాను. 9214 పక్కన ట. 9113 పక్కన ప. 9231 పక్కన త. ఏడూ తిప్పి తిప్పి చూశాను. అన్నీ తొమ్మిదితోనే మొదలయ్యాయి. తర్వాతి మూడూ చిన్నాచితకా అంకెలు.

"అసలు ప్యాకెట్లు కూడా తొమ్మిదితోనే మొదలవుతాయా?" అని అడిగాను.

"కాదు. కంప్యూటర్ ఏ నంబరు పడితే అది ఇస్తుంది. నిరుడు మిగిలిన స్టాకులోంచి ఒకటి తీసిపెట్టా, ఇదిగో," అన్నాడు శ్రీకర్. దాని మీద 4172 వ అని ఉంది. "నంబరు ఏదైతే ఏమైంది? కావాల్సింది అక్షరం."

నేను కుర్చీ లాక్కుని మాస్టారికి ఎదురుగా కూర్చున్నాను. ఆపరేషన్ చేయించుకున్న కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. ఆయన్ని ప్రశ్నలడగడం పరీక్ష హాల్లో ఎదురు తిరగడంలా అనిపించింది. అయినా అడిగాను.

"మాస్టారూ, ఈ ప్యాకెట్లు మీరు చూశారా?"

"చూశానమ్మా."

"మీరు వేసినవేనా?"

"కాదు. నేను వెయ్యలా."

"మరి ఈ లెక్క ఇంకెవరికి చెప్పారు?"

మాస్టారు కిటికీ వైపు తిరిగారు. "నోబడీ, మై డియర్. అబ్సల్యూట్లీ నోబడీ."

నేనింకేమీ అడగలేదు. ముప్ఫై ఏళ్లుగా ఎరిగిన మనిషి. నిజమైతే తెలుగులో చెబుతారు. అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడే ఇంగ్లీషు ఎత్తుకుంటారు. నా పెళ్లి విందులో బిరియానీ ఎలా ఉందంటే "మార్వెలస్" అన్నారు. ఆ రోజు వంటవాడు ఉప్పు వేయడం మర్చిపోయాడు.

అంటే ఇంకొకరికి తెలుసు. ఆ ఇంకొకర్ని మాస్టారు కాపాడుతున్నారు. ఎవరో చెప్పరు, జైలుకైనా పోతారు. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ముద్ర గది తాళం ఇవ్వండి," అన్నాను శ్రీకర్‌తో.

"అది సాక్ష్యం. నేను తాళం వేయించా. అందులోది ముట్టుకోకూడదు."

"మీరూ లోపలికి రండి. నా చేతులు చూస్తూ నిలబడండి."

ఆయన గొణుక్కుంటూనే తాళం తీశాడు. గదిలో ఒక కంప్యూటర్, ఒక లేబుల్ ప్రింటర్, ఒక కుర్చీ, అంతే. ముద్ర వేయని ఖాళీ లేబుళ్లు గోడౌన్లోనే ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. కాబట్టి లేబుల్ కాగితం వల్ల ఏమీ తేలదు. కీబోర్డు మీద మీట మీటకీ చిన్న కాగితం ముక్క అంటించి మాస్టారు సొంత చేతిరాతతో గుర్తులు వేసుకున్నారు. వాటిని చూడగానే ఇరవై ఏళ్ల వయసు గుర్తొచ్చింది. కాలేజీలో శనివారం మధ్యాహ్నాలు, సిలబస్‌తో సంబంధం లేకుండా, వచ్చినవాళ్లకి వచ్చినంత ఏపీఎల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్పేవారు. వేరే భాషల్లో పేజీ పట్టే పని అందులో ఒక వరసలో అయిపోతుంది. చదరంగం పిచ్చి ఉన్నవాళ్లుంటారు చూడండి, ఆయనకి ఈ పిచ్చి.

తెర మీద ఒకే ఒక్క వరస ఉంది. దాని అసలు ముక్క ఇది:

-/⍎¨⍕4172

శ్రీకర్ నా భుజం మీంచి చూస్తున్నాడు. "దీన్ని డీకోడ్ చేయడానికి నాకు ఒక రోజు పట్టింది," అన్నాడు గర్వంగా.

నాకు ఇది పాత పాటలా నోటికి వచ్చు. చివరన ఉన్నది నంబరు. దాని పక్క గుర్తు ఆ నంబరుని రాతగా మారుస్తుంది. అంటే నాలుగు వేల నూట డెబ్బై రెండు కాస్తా నాలుగు, ఒకటి, ఏడు, రెండు అనే అక్షరాల దండ అవుతుంది. తర్వాతి రెండు గుర్తులు ఆ దండని తెంపి ఒక్కో పూసనీ మళ్లీ విడి అంకె చేస్తాయి. మొదట ఉన్న మైనస్సూ గీతా ఆ అంకెల మధ్య మైనస్ పెట్టి తీసివేస్తాయి. వచ్చిన జవాబుని బట్టి 'కచటతపయరలవశస' అనే పదకొండు అక్షరాల్లోంచి ఒకటి దొరుకుతుంది. సున్నాకి క, ఒకటికి చ, రెండుకి ట, అలా లెక్క. జవాబు అటూ ఇటూ దాటితే పదకొండు కలిపో తీసో దారికి తెస్తుంది.

4172 కొట్టాను. ఎనిమిది వచ్చింది. అక్షరం వ. అసలు ప్యాకెట్ మీదా వ ఉంది.

9214 కొట్టాను. నాలుగు. అక్షరం ప.

నకిలీ ప్యాకెట్ మీద ఉన్నది ట.

మిగతా ఆరూ కొట్టాను. ఆరూ తప్పే. నకిలీ వేసినవాడు ఏడుకి ఏడు అక్షరాలూ తప్పు వేశాడు. నేను పైకే నవ్వాను. శ్రీకర్‌కి అది నచ్చలేదు.

"మీరు ఏడూ కరెక్ట్ అన్నారే?"

"కరెక్టే. నా షీట్ చూపిస్తా. ఈ మిషన్ ఆయనది. దొంగ తక్కెడలో తూకం వేసి తీర్పు చెప్పమంటారా?"

"సరే, మీ తక్కెడే తెండి."

హాల్లోకి వచ్చాం. మాస్టారు మమ్మల్ని చూసి చూడనట్టు కూర్చున్నారు. శ్రీకర్ తన ఎక్సెల్ షీట్లో 9214 వేశాడు. జవాబు రెండు, అక్షరం ట. "చూశారా?"

"చూశా. ఇప్పుడు ఆ అసలు ప్యాకెట్ నంబరు వెయ్యండి. 4172."

"అసలుదాన్ని చెక్ చేయడం దేనికి?"

"మీరు ఇంతవరకూ చెయ్యలేదన్నమాట. వెయ్యండి."

వేశాడు. జవాబు మైనస్ ఆరు. ఆ గదిలోని వరసలోలా పదకొండు కలిపితే అయిదు, అక్షరం య. ప్యాకెట్ మీద వ ఉంది. మళ్లీ వేశాడు. మళ్లీ య. ఆయన ఇస్త్రీ చొక్కా మీద మొదటిసారి చెమట కనపడింది.

"మీ షీట్ లెక్కన నకిలీవన్నీ అసలువి, అసలుది నకిలీ," అన్నాను. "శ్రీకర్ గారూ, మీరు 9214ని ఎట్లా తీసివేశారు?"

"ఎట్లా ఏముంది? తొమ్మిదిలోంచి రెండు పోతే ఏడు. ఏడులోంచి ఒకటి పోతే ఆరు. ఆరులోంచి నాలుగు పోతే రెండు. ఒకటో తరగతి పిల్లాడూ చెప్తాడు."

"ఏపీఎల్ అట్లా చెయ్యదు. అది కుడి చివర మొదలుపెట్టి ఎడమకి వస్తుంది. ఒకటిలోంచి నాలుగు పోతే మైనస్ మూడు. రెండులోంచి మైనస్ మూడు తీస్తే అయిదు. తొమ్మిదిలోంచి అయిదు పోతే నాలుగు. అక్షరం ప."

ఇందులో నా గొప్పేమీ లేదు. పొద్దున నానమ్మ దగ్గర ఉర్దూ కుడి నుంచి, బళ్లో తెలుగు ఎడమ నుంచి చదువుకుంటూ పెరిగినదాన్ని. మొదటి శనివారమే ఆ సంగతి కనిపెట్టి, "బషీరాకి ఇది ఇంటి భాషేరా, తిప్పలన్నీ మీకే" అని మాస్టారు మిగతావాళ్లని ఏడిపించేవారు.

"తొమ్మిది సంగతి కూడా తేలిపోయింది," అన్నాను. "ఎడమ నుంచి తీసేసుకుంటూ పోతే చానా నంబర్లు సున్నా కిందికి పోతయ్. అప్పుడు ఏ అక్షరం వెయ్యాలో నకిలీవాడికి తెలవదు. అందుకని మొదట తొమ్మిది పెట్టుకుని, వెనకాల చిన్న అంకెలు ఏరుకున్నాడు. లెక్క మాస్టారిదే, కానీ సగం లెక్క. మాస్టారే వేసుంటే ఇట్లా తప్పేవారా?"

శ్రీకర్ తన షీట్‌ని పైకీ కిందికీ జరిపాడు. "పొరపాటు ఎవరికైనా..."

"పొరపాటు ఎవరికైనా వస్తది. ఒకే పొరపాటు ఇద్దరికి రాదు. పరీక్షలో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు రాస్తే, ఇద్దరికీ పాఠం చెప్పిన మనిషి ఒకడే అయ్యుంటాడు. మీరూ ఆ నకిలీవాడూ ఒకేచోట నేర్చుకున్నారు. మీకీ లెక్క ఎవరు చెప్పారు?"

"నేనే డీకోడ్ చేశా. రిపోర్టులో కూడా రాశా."

"అయితే ఆ తెర మీద నంబరు పక్కనే ఉన్న గుర్తు ఏందో చెప్పండి."

ఆయన ముద్ర గది వైపు మెడ సాచాడు. "అది... డిజైన్ కోసం పెట్టింది."

"శ్రీకర్ గారూ. మీ గొప్ప కోసం డెబ్బై రెండేళ్ల మనిషి జైల్లో పడుకోవాలా?"

మంచివాడే పాపం. చెవులు ఎర్రబడ్డాయి కానీ చూపు తిప్పుకోలేదు. "మొన్న ఇన్నయ్య గారిని లెక్క అడిగితే నోరు విప్పలేదు. అప్పుడు ఒకతను నన్ను బయటికి పిలిచి చెప్పాడు. తనకి కొంచెం వచ్చని, మాస్టారి స్టూడెంట్‌నేనని. తన పేరు రాయొద్దన్నాడు. నేనూ సరేనని నా పేరే రాసుకున్నా. గోపీచంద్."

"బషీరా," అన్నారు మాస్టారు. "ఇక ఆపమ్మా."

"మీకు ఎప్పుడు తెలిసింది మాస్టారూ?"

"మొదటి ప్యాకెట్ చూడగానే. వాడు మొదట్నుంచీ అట్లాగే ఎడమ నుంచే చేసేవాడు. తొందర. నేను పోయినా అక్షరం చెప్పేవాడు ఒకడు ఉండాలని ఈ మార్చిలో వాడిని కూర్చోబెట్టి చెప్పా. మర్నాడు మిగతాది చెప్పాల్సింది, కంటి ఆపరేషన్ వచ్చింది." ఈసారి ఇంగ్లీషు ఎత్తుకోలేదు.

బయట బండి ఆగింది. గోపీచంద్ నాలుగు గిన్నెల క్యారేజీతో లోపలికొచ్చాడు. మా ముగ్గురి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. వాణ్ణి కడిగేద్దామనే లేచాను. లేచాక చేతకాలేదు. బల్ల మీది సుద్దముక్క తీసి వాడి చేతికిచ్చాను.

"తమ్ముడూ, 9214కి ఏ అక్షరం?"

వాడు క్యారేజీ బల్ల మీద పెట్టి, గోడకున్న నల్లబోర్డు దగ్గరికి నడిచాడు. మాస్టారి ఎదురుగా బోర్డు దగ్గర నిలబడితే నలభై ఏళ్ల మనిషికి కూడా భుజాలు వంగుతాయి. చకచకా తీసివేసి, ట అని రాసి, వెనక్కి తిరిగాడు. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

"తప్పా మాస్టారూ?" అన్నాడు గోపీచంద్.

"కుడి నుంచి రా నాయనా."

వాడు చెరిపాడు. నాలుగు దగ్గర మొదలుపెట్టాడు. మెల్లగా, పెదాలు కదుపుతూ, తొమ్మిది దాకా వచ్చాడు. నాలుగు అని వేసి, పక్కన ప అని రాశాడు. రాసిన అక్షరం వంకా, బల్ల మీది ప్యాకెట్ల వంకా చూశాడు. అంతా అర్థమై గోడకి ఆనుకుని అక్కడే కూలబడ్డాడు.

"గోడౌన్ కప్పు బాగు చేయించమని మీరు పదేపదే చెప్పారు. నేను ఇయ్యాల రేపు అన్నా. ఏప్రిల్ వానకి విత్తనం మొత్తం బూజు పట్టింది. రైతులకి ఇస్తానన్న మాట పోతదని, సంఘం పేరు పోతదని బజార్లో తెచ్చి నింపా. మిషన్లో కొడితే మీకు తెలిసిపోద్దని నంబర్లు నేనే వేసుకున్నా. బజారోళ్లు మంచి విత్తనమనే ఇచ్చారు మాస్టారూ, మొలవదని నాకు తెలవదు. అక్షరాలు కుదిరితే గొడవ ఆగుద్దని ఈయనకి లెక్క చెప్పా, అది మీ మెడకే చుట్టుకుంది."

"ఆయన పేరు పోతే ఫర్లేదా?" నేను అరిచాను. "నాలుగింటికి ఆయన్ని తీసుకుపోయేవాళ్లు, తెలుసా నీకు?"

"చెప్దామనే రోజూ క్యారేజీ తెస్తున్నా అక్కా. ఆయన ఒక్క ముద్ద తింటే కాళ్ల మీద పడి చెప్దామని. ఆయన తినలా. నాకు నోరు రాలా."

మాస్టారు ఎందుకు తినలేదో నాకప్పుడు తెలిసింది. ఆ క్యారేజీ తెచ్చిన చెయ్యి ఏం చేసిందో ఆయనకి తెలుసు కాబట్టి. చెప్పమని అడిగితే తానే పట్టిచ్చినట్టవుతుంది. అడక్కుండా కూర్చుంటే ముద్ద దిగదు. ఒకే హాల్లో ఇద్దరూ ఒకరి కోసం ఒకరు రెండు రోజులు అట్లా కూర్చున్నారు. నాకు ఇద్దర్నీ తిట్టాలనిపించింది, తిట్టలేకపోయాను.

శ్రీకర్ గొంతు సవరించుకున్నాడు. "బెల్లంకొండ కాక ఇంకెక్కడికి పంపావు?"

గోపీచంద్ తలెత్తలేదు. "ఈపూరుకి. బండి నిండా పంపా. రేపు నారు పోస్తారు."

శ్రీకర్ లాప్‌టాప్ మూసేసి కారు తాళాలు తీశాడు. "నా కారుంది. బయల్దేరదాం," అన్నాడు. స్టేషన్‌కి అనలేదు.

అప్పుడే బల్ల మీద మాస్టారి ఫోన్ మోగింది. కన్ను సరిగా ఆనక ఆయన ఎప్పుడూ స్పీకర్లోనే పెడతారు.

"అక్షరాల మాస్టారేనా? ఈపూరు నుంచి ఆదెమ్మనయ్యా. బెల్లంకొండ కబురు ఇని గుండె జారిపోయింది. తెల్లారితే నారు పొయ్యాల. సంఘం ప్యాకెట్టే, అయినా అడుగుదామని చేశా, ఏమనుకోమాక. నంబరు చదవనా? తొమ్మిది, మూడు, రెండు, ఒకటి."

మాస్టారు నోటి దాకా వచ్చిన జవాబు మింగేశారు. లేచి వెళ్లి ఫోన్ గోపీచంద్ ఒడిలో పెట్టారు.

"నువ్వు చెప్పు."

వాడు మాస్టారి వంక చూశాడు. ఆయన కుడి చేత్తో గాల్లో కుడి నుంచి ఎడమకి ఒక గీత గీశారు, అంతే.

"రెండులోంచి ఒకటి పోతే ఒకటి," అన్నాడు గోపీచంద్. "మూడులోంచి ఒకటి పోతే రెండు. తొమ్మిదిలోంచి రెండు పోతే ఏడు. ల రావాల, అత్తా."

"ఇక్కడ త ఉందే?"

"పొయ్యమాక అత్తా. అది మన విత్తనం కాదు. నేనే నింపా, నేనే ముద్ర వేశా. ఊళ్లో అందర్నీ ఆపు. ఇప్పుడే వస్తున్నా, వచ్చి అందరి ముందూ చెప్తా."

"ఇది మాస్టారి గొంతు కాదే. ఎవరయ్యా నువ్వు?"

గోపీచంద్ ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "గోపీచంద్‌ని. సెక్రటరీని."

"నా స్టూడెంట్, ఆదెమ్మా," అన్నారు మాస్టారు వెనక నుంచి. మాట ఇంగ్లీషుదే అయినా, చక్కటి తెలుగులో నిజం చెప్పినట్టు, నింపాదిగా. తర్వాత క్యారేజీ మూత తీసి, నిలబడే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు.